బంతిలో చోటు

చందు గడప దాటలేదు.

“ఆమె పోయేదాక నేను ఇంట్లకు రాను” అన్నాడు, చెప్పులైనా విడవకుండా వాకిట్లోనే నిలబడి.

గట్టమ్మ బియ్యం చెరుగుతున్న చాటను ఒళ్లోకి దించుకుంది. నిన్నంతా కొడుకు ఇంటి ముఖం చూడలేదు. క్యాంపస్ గేటు ముందు వేసిన సమ్మె టెంటులోనే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. ఉద్యమంలో తిరిగే పిల్లాడు టెంటులో పడుకోవడం ఆమెకు కొత్త కాదు. ఇంటి మీద అలిగి పడుకోవడమే కొత్త.

“మెల్లగ మాట్లాడు. లోపలికి ఇనపడుతది.”

“ఇనపడనీ. నేనేమన్న దొంగమాట మాట్లాడుతున్ననా? క్యాంపస్ జేఏసీకి కన్వీనర్‌ను నేను. గా ఆంధ్ర మేడమ్‌ను తెచ్చి నా ఇంట్లనే పెట్టుకున్నవు. టెంటుల ఒక్కొక్కడు నా మొకం చూసి ముసిముసిగ నవ్వుతున్నడు.”

“గా నవ్వేటోళ్లను జర నా దగ్గరికి తోలు. నేను అడుగుత. రాయి పడి అద్దం పలిగి, చెయ్యి కోసుకపోయి, ఆడిమనిషి ఒక్కతే చీకట్ల కూసున్నది. పక్కింట్ల ఉండి నేను తలుపేసుకుంటే అది బాగుండునా?”

సకలజనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు లేక, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. మొన్న సందెవేళ అలా కరెంటు పోయినప్పుడే ఎవరో విసిరిన రాయి లీలావతి మేడమ్ క్వార్టరు కిటికీకి తగిలింది. కాకినాడ వైపు నుంచి వచ్చి, పదేళ్లకు పైగా జనగామ అవతలి ఈ క్యాంపస్‌లో బాటనీ చెబుతున్న మనిషి ఆమె. పక్క క్వార్టరులో ఉండే గట్టమ్మ కందిలి పట్టుకుని వెళ్లి, ఆమె ముంజేతికి పసుపు అద్ది గుడ్డ కట్టి, చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది.

రాజమౌళి వసారాలో కూర్చుని పాత స్విచ్చుబోర్డు విప్పుతున్నాడు. క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్ అతను. సమ్మెలో పని బందు పెట్టినా చేతులు ఊరుకోవు. తల్లీకొడుకుల మధ్య మాట వేస్తే ఇద్దరూ కలిసి తన మీదే పడతారని అతనికి అనుభవం. తల వంచుకుని స్క్రూ తిప్పుతూ ఉండిపోయాడు.

“బాపూ, నువ్వన్న చెప్పు” అన్నాడు చందు.

“నేనేం చెప్పాలె? తెచ్చింది మీ అవ్వ. మీ అవ్వనే అడుగు.”

చందు గొంతు ఒక్కసారిగా పెరిగింది.

“నాకు బాటనీల సీటొచ్చిన్నాడు మీరిద్దరు ఎంత సంబురపడ్డరు! మల్ల ఎందుకు ఇడిసిపెట్టిన్నో ఎన్నడన్న చెప్పిన్నా? వైవాల ఆకు చూపెట్టి, దీన్ని ఎట్ల గుర్తుపడతవని అడిగింది ఆమె. ‘ఈనెలు గిట్లుంటయి మేడమ్’ అన్న. గంతే. ‘గిట్ల అంటే ఎట్లా? గట్లనా?’ అని సాగదీసింది. సినిమాలల్ల మన మాటను ఎక్కిరిస్తరు సూడు, అచ్చం అట్లనే. క్లాసంత పడిపడి నవ్వింది. నేను చెప్పిన జవాబు కరెక్టే అవ్వా. కని దాని గురించి ఒక్కలు మాట్లాడలే.”

గట్టమ్మ చెయ్యి చాట మీద ఆగిపోయింది. కొడుకు ఎమ్మెస్సీ మధ్యలో వదిలి ఎమ్మేలో చేరాడని తెలుసు. ఎందుకని అడిగితే అప్పట్లో “ఊకెనే” అన్నాడు. ఇంటి చుట్టూ మొక్కలు పెంచిన పిల్లాడు ఆ యేడాది ఒక్క పాదుకూ నీళ్లు పోయలేదు. అదీ ఆమెకు గుర్తుంది.

ఆమె భర్త వైపు చూసింది. రాజమౌళి కూడా స్క్రూ తిప్పడం ఆపి కొడుకునే చూస్తున్నాడు.

అప్పుడే లోపలి తలుపు తీసుకుని లీలావతి వచ్చింది. భుజానికి సంచి తగిలించుకుని ఉంది.

“నేను వెళ్తానండీ గట్టమ్మగారూ.”

“ఏడికి పోతవు లీలమ్మా? బస్సులు లేవాయె. రైళ్లు ఎన్నడు నడుస్తయో ఎరుకలేదు.”

“మా క్వార్టరుకే.” ఆమె చందు వైపు తిరిగింది. “నువ్వు చెప్పింది విన్నాను చందూ. వినకూడదనుకున్నా గోడ పక్కనే ఉన్నాను.”

చందు తలెత్తి నిలబడ్డాడు. కాదంటుందనుకున్నాడు. నేను అలా అనలేదు, నువ్వే పొరపాటుగా విన్నావు అంటుందనుకున్నాడు. దానికి జవాబు అతని నాలుక చివరే ఉంది.

“నాకు గుర్తు లేదు” అంది లీలావతి.

“మీకెందుకు గుర్తుంటది మేడమ్?”

“అదే నేనూ అనుకుంటున్నాను. అనలేదని మాత్రం చెప్పలేను. అలాంటివి చాలాసార్లు అన్నాను, నీతోనే కాదు. సరదా అనుకునేదాన్ని. క్లాసు నవ్వితే పాఠం బాగా సాగుతోందనుకునేదాన్ని. మంచి కుర్రాడు ఒకడు మధ్యలో మానేశాడని గుర్తుంది. ఎందుకు మానేశాడని ఎవర్నీ అడగలేదు.”

పరీక్ష పేపరులో తన తప్పును తానే దిద్దుకుంటున్నట్టుగా, మెల్లగా, స్పష్టంగా చెప్పింది. చందుకు కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నలుగురూ అలా ఉండగానే ఉమ ఆయాసపడుతూ వాకిట్లోకి వచ్చింది. బయ్యారం దగ్గరి తండా పిల్ల. లీలావతి దగ్గరే ఎమ్మెస్సీ చదువుతోంది. అమ్మాయిల హాస్టల్ తరఫున జేఏసీలో ఉంది.

“అన్నా, నువ్వు గిక్కడున్నవా? టెంటుల జగపతన్న మీటింగు పెట్టిండు. ఇయ్యాల వంటా వార్పు షురువయ్యే లోపట్నే తీర్మానం చేయాల్నంట.”

“ఏం తీర్మానం?”

ఉమ మేడమ్ వైపు చూసి తటపటాయించింది.

“చెప్పు ఉమా” అంది లీలావతి.

“ఆంధ్ర నుంచి వచ్చిన సార్లు, మేడమ్‌లు పొద్దుగూకే లోపట క్యాంపస్ ఖాళీ చేయాలని.”

చందు వెనక్కి తిరిగి టెంటు వైపు నడిచాడు. ఉమ వెంట పరుగెత్తింది.

“నువ్వు ఏమంటవన్నా అక్కడ?” అని అడిగింది దారిలో.

“ఎరుకలేదు” అన్నాడు చందు. అది నిజమే.

*

టెంటు కిక్కిరిసి ఉంది. జగపతి మైకు పట్టుకుని నిలబడ్డాడు. భూపాలపల్లి కుర్రాడు. చందుకు క్యాంపస్‌లో మొదటి స్నేహితుడు. ఉద్యమంలో లాఠీదెబ్బ పడితే ఇద్దరూ పక్కపక్కనే తిన్నారు.

“మా బాపు గనిల సమ్మె చేస్తున్నడు” అంటున్నాడు. “ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతున్నదో మా అవ్వకే ఎరుక. మనోళ్లు గిట్ల మాడుతుంటే, మన కొలువులు తీసుకున్నోళ్లు మన నడుమల్నే సల్లగ కూసుందురా? పొమ్మంటే తప్పేంది?”

చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

ఉమ మైకు అడగలేదు. ఉన్నచోటే లేచి నిలబడింది.

“జగపతన్నా, ఒకటి అడుగుత. కోపం చేయకు. హాస్టల్ల నాకు ఫోనొస్తే మా యాడితోని, మా అవ్వతోని, మా లంబాడ మాటల మాట్లాడుత. పక్క మంచాల మీదోళ్లు మూతులు తిప్పి నవ్వుతరు. వాళ్లు ఆంధ్రోళ్లు కాదు. ఒకామెది మరిపెడ. ఒకామెది గీ జనగామనే. వాళ్లను ఏడికి పంపుదం?”

అమ్మాయిలు కూర్చున్న వైపు ఒకరిద్దరు తల దించుకున్నారు.

“అది వేరే ముచ్చట ఉమా” అన్నాడు జగపతి.

“నీకు వేరేనే. పడేదాన్ని నేను. నాకు రెండొకటే తీరుగ ఉంటయి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జగపతి మైకు చందుకు అందించాడు. “నువ్వు కన్వీనర్‌వి. నువ్వే చెప్పు” అన్నాడు. అతని కళ్లలో నమ్మకం ఉంది. వైవాలో చందుకు జరిగింది అందరికంటే ముందు విన్నది అతనే.

చందు మైకు అందుకున్నాడు.

“ఆ మేడమ్ మీద మీ అందరికంటె ఎక్కువ కోపమున్నది నాకు. పొద్దుగాల మా అవ్వతోని అదే కొట్లాడొచ్చిన. మన మాటను ఎక్కిరిస్తే అడగాలె. మొకం మీద అడగాలె, పట్టపగలు అడగాలె. నేను ఇన్నేండ్లు అడగలే. ఇయ్యాల అడిగిన. ఆమె జవాబు చెప్పింది. గా జవాబుతోని నా కడుపు నిండిందా అంటే నిండలే. కని చీకట్ల రాయి ఏసుడు అడిగినట్టు కాదు తమ్మీ. గది మన ఉద్యమం కాదు.”

“అంటే మీ ఇంట్ల ఉన్నదని…” అని ఎవరో అందుకోబోయారు.

“మా ఇంట్ల ఉన్నది నాకు నచ్చలే. ఇప్పటికీ నచ్చలే. రాయి అంతకంటె నచ్చలే.” అతని గొంతు కుదుటపడింది. “రేపు మన రాష్ట్రం వస్తది. గప్పుడు ఈ క్యాంపస్‌ల ఎవరి కిటికీ పలిగినా జవాబు చెప్పాల్సింది మనమే. ఇంకెవన్నో తిట్టుకుంట కూసునే వీలుండదు. గదేదో ఇయ్యాల్నుంచే చెబుదం. ఇక్కడ ఎవరి తలుపుకైనా, ఎవరి మాటకైనా మనదే పూచీ. పలిగిన అద్దం మనమే పెడుదం. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి.”

చేతులు లేచాయి. ఒక్కొక్కటిగా, చుట్టూ చూసుకుంటూ లేచాయి. అన్నీ లేవలేదు గానీ సగానికి మించే లేచాయి.

జగపతి చెయ్యెత్తలేదు. చందు ముఖం వైపు చూడకుండా టెంటు బయటికి వెళ్లిపోయాడు.

*

సమ్మెకు దుకాణాలన్నీ మూసి ఉన్నా, రాజమౌళి తెలిసినవాడి వెనక తలుపు తట్టి అద్దం కోయించుకొచ్చాడు. చందు లీలావతి క్వార్టరు కిటికీకి అద్దాన్ని ఆనించి రెండు చేతులా పట్టుకున్నాడు. తండ్రి చిన్న చిన్న మేకులు కొట్టాడు. ఉమ గదంతా ఊడ్చి గాజుపెంకులు ఎత్తింది.

“వంకర పట్టుకున్నవు. జర పైకి లేపు” అన్నాడు రాజమౌళి. తర్వాత మరీ మెల్లగా, “గంత బాధ కడుపుల పెట్టుకున్నవు. నాకు చెప్పొద్దారా?” అన్నాడు.

“చెప్తే నువ్వేం చేస్తుంటివి బాపూ?”

“ఏమో. నీ తోని కూసుంటుంటి.”

చందు అద్దం మీదికి వంగి, ఏదో మరక తుడుస్తున్నట్టు చేశాడు.

కిటికీ కింద కుండీలు వాడిపోయి ఉన్నాయి. పని అయ్యాక అతను చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు. లీలావతి మెట్టు మీద నిలబడి చూస్తోంది.

“ఇది పొన్నగంటి గదా మేడమ్?”

“అవును. ఎలా తెలిసింది?” అని అడిగేసి ఆమె ఠక్కున ఆగింది.

చందు ఆమె వైపు సూటిగా చూశాడు. “ఆకులు ఎదురెదురుగ గిట్లుంటయి. నడుమల తెల్లపూలు.”

“కరెక్టు. ఇంకా?” అంది, పదేళ్ల అలవాటుకొద్దీ.

“వైవానా మేడమ్?”

ముందు నవ్వింది ఉమ. తర్వాత రాజమౌళి. లీలావతి చేత్తో నోరు మూసుకుంది గానీ నవ్వు ఆగలేదు. చందు నవ్వలేదు. కాకపోతే రెండో కుండీకి కూడా నీళ్లు తెచ్చాడు.

*

మధ్యాహ్నానికి క్యాంపస్ ముందటి పెద్దరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. ఎక్కడి బండి అక్కడే ఆపి, రోడ్డు మీదే వండుకుని అందరూ కలిసి తినే నిరసన అది. హాస్టల్ అమ్మాయిలు వంకాయలు కోశారు. గట్టమ్మ కొంగు నడుముకు దోపుకుని పప్పుచారు గుండిగ దగ్గర గంటె పట్టుకుంది. ఆపిన లారీల డ్రైవర్లు కూడా వచ్చి కట్టెలు అందించారు. డప్పు మోగుతోంది. నిరసన అన్న మాటే గానీ పెళ్లింటి సందడి లాగే ఉంది.

గట్టమ్మ లీలావతిని వెంటబెట్టుకుని వచ్చింది. భోజనాల బంతిలో కూర్చోబెట్టబోతుంటే ఒక విద్యార్థి అడ్డం వచ్చాడు.

“మేడమ్, ఒక్కసారి జై తెలంగాణ అనుండ్రి.”

లీలావతి చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

“అనలేను బాబూ. అక్కడ మా అన్నయ్య సమైక్యం అని టెంటులో కూర్చున్నాడు. ఇక్కడ నేనొకటి అని, రేపు ఫోనులో వాడితో ఇంకొకటి అంటే రెండూ అబద్ధాలే. మీరు అడుగుతున్నది తప్పని మాత్రం అనను. అడగాల్సినంత కష్టం మీకుందని ఇవాళే కాస్త తెలిసింది.”

ఆ కుర్రాడు చందు వైపు చూశాడు.

“అబద్ధం చెప్పమంటవా మల్ల?” అన్నాడు చందు.

“జై అననోళ్లకు బువ్వ పెట్టద్దని మనమేమన్న అనుకున్నమా? కూసో లీలమ్మా” అని గట్టమ్మ ఆమె ముందు ఇస్తరాకు వేసింది.

అన్నం బకెట్ పట్టుకుని బంతి వెంట వస్తున్నది జగపతి. పొద్దున్నుంచి చందుతో మాట్లాడలేదు. ఒక్కొక్కరికీ వడ్డిస్తూ లీలావతి ముందుకు వచ్చి ఆగాడు. గంటె బకెట్లోనే ఉండిపోయింది.

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. “కొంచెం చాలు జగపతీ.”

అతను ఆమె ముంజేతికి కట్టిన గుడ్డను చూశాడు. ఆకు నిండా పెట్టి, గబగబా ముందుకు వెళ్లబోయాడు.

అప్పుడే పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగి, “లీలావతి మేడమ్ ఎవరు?” అని అడిగాడు. “మీ కిటికీ ముచ్చట మా దాక వచ్చింది. రాయి వేసినోన్ని మీరు చూసిన్రా?”

డప్పు ఆగిపోయింది.

లీలావతి అతన్ని చూసింది. ఆ మసకవెలుతురులో ప్రహరీ పక్క నుంచి పరుగెత్తిన మనిషి ఎవరో ఆమెకు మొన్ననే తెలుసు. గట్టమ్మతో కూడా చెప్పలేదు. చెబితే ఆ కుర్రాడి చదువు ఏమవుతుందోనన్న భయం ఒకవైపు, చెప్పకపోతే మళ్లీ వస్తాడేమోనన్న భయం ఒకవైపు.

“అన్నం ముందు కూర్చున్నాను సార్. ఇప్పుడు అడగకండి” అంది.

ఆమె తనను చూసిందనీ, అయినా చెప్పదనీ జగపతికి అర్థమైంది. చెప్పేస్తే బాగుండుననిపించింది. బకెట్ కింద పెట్టాడు.

“నేనే ఏసిన సార్.”

చందుకు ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక, స్నేహితుడి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

“నడువు. జీపెక్కు” అన్నాడు ఎస్సై.

బంతి ఒక్కసారిగా లేచింది. వెనక ఉన్నవాళ్లు జీపును చుట్టుముట్టారు. “జగపతన్నను పట్టుకపోనియ్యం!” అని అరుపులు. ఎవరో బానెట్ మీద చరిచారు. డ్రైవర్ ముఖం పాలిపోయింది.

“ఎవ్వరు జీపు మీద చెయ్యి ఎయ్యద్దు!” చందు గొంతు చిరిగేలా అరిచాడు. జీపుకు వీపు ఆనించి చేతులు చాచాడు. “పొద్దుగాల చేతులెత్తింది ఎందుకు? తొవ్వ ఇయ్యుండ్రి. వాడు తన నోటితోని ఒప్పుకున్నడు. వాని మాటకు ఇలువ లేకుండ చేయకుండ్రి. జగపతీ, నేను సుత వస్త నీ ఎంట.”

జగపతి అతని వైపు చూశాడు. “నీకు చెప్పకుండ చేసిన. కోపం లేదా?”

“ఉన్నది. శానా ఉన్నది. అయినా వస్త.”

అరుపులు సన్నగిల్లాయి. జనం నెమ్మదిగా పక్కకు జరిగారు. ఆ జాగాలోంచి గట్టమ్మ గంటెతో సహా ముందుకు వచ్చింది.

“సారూ, పిలగాడు ఒక్క మెతుకు ముట్టకుండ అందరికి వడ్డించిండు. తిన్నంక తీసుకపోండ్రి. మీరు సుత ఎప్పుడు తిన్నరో ఏమో. కూసోండ్రి.”

కానిస్టేబుల్ అప్పటికే వంకాయ కూర వైపు చూస్తున్నాడు. ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

“మేడమ్, ఫిర్యాదు రాసిచ్చిన్రా?”

“ఇంకా లేదు.”

“అట్లయితే రేపు పొద్దుగాల ఇద్దరు స్టేషన్‌కు రాండ్రి. మీరు ఏది రాసిస్తే దాని ప్రకారం చేస్త.” కాస్త ఆగి గట్టమ్మతో, “పప్పుచారు జర ఎక్కువ పొయ్యమ్మా. మాది సుత గీ పక్క మానుకోటనే” అన్నాడు.

మళ్లీ డప్పు మోగింది. జనం తిరిగి కూర్చున్నారు. జగపతికి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. బంతిలో అతన్ని పిలిచినవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. లీలావతి తన ఆకు కొంచెం పక్కకు జరుపుకుంది. అతను ఆ ఖాళీలో వచ్చి కూర్చున్నాడు. అవతలి పక్కన చందు కూర్చున్నాడు.



“రేపు మీరు వస్తరా మేడమ్?” అని అడిగాడు జగపతి.

“వస్తాను.”

“కేసు పెట్టనీకేనా?”

లీలావతి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

“ఇంకా తెలియదు. ఆ సాయంత్రం నేనెంత భయపడ్డానో నీకు తెలియదు జగపతీ. పక్కన కూర్చుని తిన్నంత మాత్రాన అది పోదు. ఆలోచించుకోనీ.”

“సరే మేడమ్.”

అతనికి రేపటి భయం ఉంది. అయినా ఆకలి వేసింది. రెండు ముద్దలు తిన్నాక తలెత్తకుండానే అన్నాడు:

“మీరు ఏది రాసిచ్చినా సరే. స్టేషన్ దాక ఒక్కరే నడువకుండ్రి. పొద్దుగాల నేనొచ్చి తోల్కపోత.”

ఆమె రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. గట్టమ్మ వచ్చి ముగ్గురి ఆకుల్లోనూ వేడి పప్పుచారు పోసి ముందుకు సాగింది.